మా పిల్లలు మెరైన్లు: డిప్లాయ్‌మెంట్ మీద తెలుగు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెద్దవాడు అమెరికా మెరైన్ కోర్‌లో పనిచేస్తున్నాడు. రెండుసార్లు డిప్లాయ్ అయ్యాడు, అంటే విధి మీద నెలల తరబడి దూరం వెళ్లాడు, ఒకసారి జపాన్‌లోని ఒకినావాకు, ఒకసారి ఓడ మీద. వాడు చేరినప్పుడు మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ఈ దారి పట్టిన పిల్లలు ఒక్కరూ లేరు. ఏ సందేహం వచ్చినా అడగడానికి మనిషి లేడు. నాకు తెలిసిందంతా మిగతా మెరైన్ల తల్లుల దగ్గర నేర్చుకున్నదే. వాళ్లలో కొందరి తండ్రులూ తాతలూ కూడా మెరైన్లే. నా ఉచ్చారణ అర్థం కాకపోయినా చెయ్యి పట్టుకుని కూర్చున్న తల్లులు వాళ్లు. ఇప్పుడు తెలుగు తల్లిదండ్రులు నాకు ఫోన్ చేస్తున్నారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాసిపెట్టాను.

మెరైన్ అంటే సోల్జరే కదా?

కాదు. మీ బిడ్డ ముందు ఆ మాట అనకండి, నొచ్చుకుంటారు. ఆర్మీలో ఉండేవాళ్లు సోల్జర్లు, నేవీలో ఉండేవాళ్లు సెయిలర్లు. మెరైన్లు మెరైన్లే. పాలనాపరంగా నేవీ శాఖ కిందికే వచ్చినా మెరైన్ కోర్ విడిగా ఒక దళం. 1775 నవంబర్ 10న పుట్టింది. మొదటి మెరైన్లను ఫిలడెల్ఫియాలో టన్ టావెర్న్ అనే చోట చేర్చుకున్నారని వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 2025లో 250 ఏళ్లు నిండాయి. ప్రపంచంలో ఏ మూల ఉన్నా ఆ రోజు కేకు కత్తితో కోస్తారు, నిజంగా యుద్ధఖడ్గంతోనే. అక్కడున్న మెరైన్లలో అందరికన్నా పెద్దవాళ్లు తమ ముక్కను అందరికన్నా చిన్నవాళ్ల చేతికి అందిస్తారు. ఈ తంతు మొదటిసారి చూసినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ప్రసాదం చేతిలో పెట్టడం గుర్తొచ్చింది నాకు.

నవంబర్ 10న మీ బిడ్డకు తప్పకుండా శుభాకాంక్షలు పంపండి. పుట్టినరోజు మరచిపోయినా క్షమిస్తారు గానీ ఇది మరచిపోతే ఒప్పుకోరు.

ఎవరైనా చేరవచ్చా? గ్రీన్‌కార్డు సరిపోతుందా?

అమెరికా పౌరులైనా, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లయినా చేరవచ్చు. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు వీలు లేదు. 17 ఏళ్లకు చేరాలంటే మన సంతకం కావాలి. 18 నిండితే అక్కర్లేదు. మావాడు సరిగ్గా 18 నిండేదాకా ఆగి, ఆ వారంలోనే చెప్పాడు. ఒప్పందం మొత్తం ఎనిమిదేళ్లు. సాధారణంగా నాలుగేళ్లు పూర్తికాలం పనిచేస్తారు, మిగతా నాలుగేళ్లు అవసరమైతే పిలిచే జాబితాలో ఉంటారు. సంతకం చేసే ముందే ఈ లెక్క మీ బిడ్డతో కూర్చుని మాట్లాడండి.

బూట్ క్యాంప్‌లో నిజంగానే ఫోన్ ఉండదా?

ఉండదు. శిక్షణ 13 వారాలు, సౌత్ కరోలినాలోని పారిస్ ఐలాండ్‌లోనో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలోనో. చేరిన రాత్రి ఒక ఫోన్ వస్తుంది. గోడ మీద రాసి ఉన్న నాలుగు మాటలు గట్టిగా చదివి పెట్టేస్తారు. మీరు "నాన్నా, తిన్నావా?" అని అడిగేలోపే లైను తెగిపోతుంది. నేను ఆ రాత్రంతా ఏడ్చాను. ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత భయపడేదాన్ని కాదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఆ తర్వాత ఉత్తరాలే దిక్కు. మామూలు తెల్ల కవరు వాడండి. కవరు మీద స్టిక్కర్లు, బొమ్మలు, ముద్దుపేర్లు వద్దు, అందరి ముందూ వాళ్లకే ఇబ్బంది. తినేవి పంపకండి. రోజూ రాయండి, నాలుగు వాక్యాలైనా చాలు. ఇంటి ముందు మల్లెతీగ పూసింది, చెల్లికి డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది, నాన్న మళ్లీ సాంబారు మాడబెట్టారు, ఇలాంటివి. "నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది" అని మాత్రం రాయకండి. నేను మొదటి వారం అలాగే రాశాను. వాడి జవాబులో ఒకే ఒక వాక్యం ఉంది: అమ్మా, నువ్వు బాగుంటే నేను బాగుంటాను. ఆ తర్వాత ఈ దారిలో నేను చేసిన ప్రతి పనికీ ఆ వాక్యమే కొలత. వాళ్ల మూపు మీద ఉన్న బరువు చాలు, మన దిగులు కూడా మోయించకూడదు.

చివర్లో క్రూసిబుల్ అని 54 గంటల పరీక్ష ఉంటుంది. నిద్రా తిండీ అంతంతమాత్రం. అది ముగిశాక గద్ద, భూగోళం, లంగరు ఉన్న చిహ్నం చేతిలో పెడతారు. మెరైన్ అని పిలిపించుకునేది ఆ క్షణం నుంచే. శిక్షణ ముగింపు పరేడ్‌కు ముందురోజు ఫ్యామిలీ డే, ఇంటివాళ్లు బిడ్డను కలిసే రోజు. సెలవు దొరకదు, టికెట్లు ఖరీదు అని మానుకోకండి. అప్పు చేసైనా వెళ్లవలసిన రోజు అది.

డిప్లాయ్‌మెంట్ అంటే యుద్ధానికేనా?

ప్రతిసారీ కాదు. ఎక్కువమంది వెళ్లేది దూరదేశంలో సిద్ధంగా ఉండడానికీ, అక్కడి సైన్యాలతో కలిసి కసరత్తు చేయడానికీ. కొన్ని బెటాలియన్లు ఆరేసి నెలల చొప్పున ఒకినావాకు వెళ్లివస్తాయి. 2012 నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు కూడా వంతుల వారీగా వెళ్తున్నాయి. ఇంకొందరు మెరైన్ ఎక్స్‌పెడిషనరీ యూనిట్‌తో ఓడలెక్కుతారు. ఒక్కో యూనిట్‌లో సుమారు 2,200 మంది, వాళ్లను మోసుకుపోవడానికి సాధారణంగా మూడు ఓడలు. ఆరేడు నెలలని చెప్పి బయలుదేరతారు, ఎక్కడైనా పరిస్థితి మారితే పొడిగిస్తారు. భూకంపమో తుఫానో వస్తే సాయానికీ, ఏదైనా దేశం నుంచి పౌరులను హడావిడిగా తరలించడానికీ ముందుగా పిలుపు వచ్చేది వీళ్లకే. యుద్ధం వస్తే కూడా వీళ్లకే. ఆ మాట దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు.

మన ఊళ్లకు దగ్గరగా కూడా వచ్చారు వీళ్లు. 2019 నవంబర్‌లో భారత, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసిన మొదటి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విశాఖపట్నం, కాకినాడల్లోనే జరిగాయి. మెరైన్లు కాకినాడ తీరాన దిగారు. 2024లోనూ మళ్లీ అక్కడికే వచ్చారు. ఇంకో సంగతి విన్నప్పుడు నా ఒళ్లు ఝల్లుమంది. విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ ఒకప్పటి అమెరికా ఓడ యూఎస్ఎస్ ట్రెంటన్. 2007లో మన నౌకాదళంలో చేరింది. అంతకుముందు దశాబ్దాల పాటు మెరైన్లను మోసిన ఓడ అది. ఎవరెవరి కొడుకులో ఆ డెక్కు మీద నిలబడి ఇంటి గురించి తలచుకుని ఉంటారు. ఈసారి ఆర్కే బీచ్‌కు వెళ్తే సముద్రం వైపు వేరే కళ్లతో చూస్తాను.

ఎక్కడున్నాడో చెప్పడేం? మనవాళ్ల గ్రూపుల్లో ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు?

చెప్పకపోవడం వాళ్ల బాధ్యత, మనం అడగకపోవడం మన బాధ్యత. ఓడ పేరుతో కలిపి తేదీ, రేవు పేరు, ఎటు వెళ్తోంది, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు తిరిగొస్తున్నారు, ఇవేవీ ఎక్కడా రాయకండి. "పదిహేను రోజుల్లో మావాడు వచ్చేస్తున్నాడోచ్" అన్నది మనకు సంతోషం. కానీ వేలమంది ఉన్న ఓడ ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పే కబురు కూడా అదే. ఎవరో ఒక తల్లి పెట్టిన ఒక్క పోస్టు వల్ల రాక తేదీ మారిందని తల్లుల మధ్య ఎప్పుడూ వినిపించే మాట.

మన చిక్కంతా వాట్సాప్ గ్రూపులతోనే. పెద్దమ్మకు చెబితే ఒక గంటలో హ్యూస్టన్ నుంచి హనుమకొండ దాకా తెలిసిపోతుంది. ప్రేమతోనే చేస్తారు, చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. అందుకే మేం ఇంట్లో నలుగురం తప్ప ఎవరికీ తేదీలు చెప్పం. "బాగానే ఉన్నాడు, మీ ఆశీస్సులు చాలు" అని ఒకే జవాబు అలవాటు చేసుకున్నాం. గర్వం చూపించడానికి ఆంక్ష ఏమీ లేదు. డ్రెస్ బ్లూస్, అంటే వేడుకల యూనిఫాం, వేసుకున్న ఫొటో, పరేడ్ ఫొటో, "మెరైన్ అమ్మను" అనే టీషర్టు, ఎన్నయినా పెట్టుకోండి.

మూడు రోజులుగా మెసేజ్ లేదు. ఏదైనా జరిగిందా?

ఈ ప్రశ్న నాకు ఎక్కువగా అర్ధరాత్రి వస్తుంది. నిదానంగా చదవండి.

ఓడ మీద ఇంటర్నెట్ అంతంతమాత్రం. పైగా అప్పుడప్పుడూ కావాలనే ఆపేస్తారు, దాన్ని రివర్ సిటీ అంటారు. ఓడ ఎక్కడుందో బయటపడకూడదని ఆపవచ్చు. ఎవరికైనా గాయమైతే ఆ ఇంటివాళ్లకు అధికారికంగా తెలిసేలోపు వదంతిగా చేరకూడదని కూడా ఆపుతారు. కాబట్టి మౌనం అంటే చెడువార్త అని కాదు.

అన్నిటికన్నా చెడువార్త ఫోన్లో రాదు, వాట్సాప్‌లో రాదు. ప్రాణనష్టం జరిగితే యూనిఫాంలో ఉన్న అధికారులు ఇంటి తలుపు దగ్గరికే వచ్చి చెబుతారు. ఇది రాయడానికి నా చెయ్యి ఆడడం లేదు. అయినా తెలిసి ఉండడం మేలు, ఎందుకంటే ఫోన్ మోగిన ప్రతిసారీ గుండె ఆగిపోకుండా ఉంటుంది.

2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయంలో అబీ గేట్ దగ్గర ఆత్మాహుతి దాడి జరిగింది. 13 మంది అమెరికా సైనిక సిబ్బంది చనిపోయారు, వాళ్లలో 11 మంది మెరైన్లు. దేశం విడిచి పారిపోవాలని కాలువ పక్కన నిలబడ్డ అఫ్గాన్ పౌరులు దాదాపు 170 మంది పోయారు. చనిపోయిన మెరైన్లలో చాలామంది ఇరవై, ఇరవై మూడేళ్లవాళ్లు. మావాడు అక్కడ లేడని నాకు తెలుసు. అయినా ఆ రోజంతా టీవీ ముందు నిలబడే ఉన్నాను, కూర్చోలేదు. మెరైన్ల తల్లులందరం ఆ రోజు ఒకరికొకరం ఫోన్ చేసుకున్నాం. మాట్లాడుకున్నది తక్కువే.

పార్సిల్ ఎలా పంపాలి? పచ్చళ్లు పంపొచ్చా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది.

ముందు చిరునామా. విదేశంలో ఉన్నా, ఓడ మీద ఉన్నా, వాళ్ల చిరునామాలో ఊరి పేరు ఉండాల్సిన చోట సాధారణంగా ఎఫ్‌పీఓ (ఫ్లీట్ పోస్టాఫీసు) అని ఉంటుంది. ఊరి పేరు, దేశం పేరు రాయకూడదు. రాస్తే ఆ దేశపు మామూలు తపాలాలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. పసిఫిక్ వైపు ఉంటే రాష్ట్రం ఉండాల్సిన చోట "ఏపీ" అని రాయాలి, ఆర్మ్డ్ ఫోర్సెస్ పసిఫిక్ అని దాని అర్థం. యూరప్, మధ్యప్రాచ్యం వైపైతే "ఏఈ". మా అత్తగారు పెట్టె మీద ఏపీ అన్న అక్షరాలు చూసి, "మనూరి పేరు మీదే వెళ్తోందిగా, క్షేమంగా చేరుతుందిలే" అన్నారు. అప్పటినుంచి ఆ రెండక్షరాలూ నేనూ అదే నమ్మకంతో రాస్తున్నాను.

తపాలా ఖర్చు అమెరికా లోపల పంపినట్టే. ఫ్లాట్ రేట్ పెద్ద పెట్టెకు సైనిక చిరునామాలకైతే కొంచెం తగ్గింపు ఉంది, 70 పౌండ్లు దాటనంతవరకు ఎంత బరువున్నా ఒకే ధర. కస్టమ్స్ ఫారం తప్పనిసరి. అందులో ఉన్నవన్నీ విడివిడిగా రాయండి. "హోమ్‌మేడ్ స్నాక్స్" అని ఒక్కమాట రాస్తే కౌంటర్లో అడుగుతారు. చేరడానికి వారాలు పట్టవచ్చు, ఓడకైతే ఇంకా ఎక్కువ. సంక్రాంతికి అందాలంటే క్రిస్మస్ రద్దీకి ముందే పంపేయండి.

ఏం పంపాలి అంటే, నా అనుభవం ఇదీ. అరిసెలు ఎంత దూరమైనా తట్టుకుంటాయి. జంతికలు, చేగోడీలు సగం పొడి అయిపోతాయి, చెంచాతో తింటారు, ఫర్వాలేదు. పూతరేకులు వద్దు, మనసు విరుగుతుంది. సున్నుండలు చలికాలంలోనే, వేడికి నెయ్యి కారుతుంది. ఆవకాయ, గోంగూర గాజు సీసాలో పంపకండి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్‌లాక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టండి. అన్నిటికన్నా సులువు కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. మాంసం పచ్చళ్లు చాలా దేశాల్లో నిషేధం, మద్యం అసలే కుదరదు. వెళ్లే చిరునామాకు ఏ ఆంక్షలున్నాయో పోస్టాఫీసులో అడగండి, జిప్ కోడ్‌ను బట్టి చెబుతారు.

ఒక పెట్టెలో ఒక్కరికి సరిపడా పంపకండి. మావాడు మొదటి డబ్బా తెరిచినప్పుడు పక్కన టెక్సస్ పిల్లాడు, గ్వాటెమాలా నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన పిల్లాడు, ఇంకా ఇద్దరు ఉన్నారట. కారప్పొడి నూడుల్స్‌లో కలుపుకుని తిన్నారు. తర్వాతి పెట్టెకు వాళ్లే జాబితా రాసి పంపారు. ఇంటినుంచి ఏ పెట్టే రాని పిల్లలు ప్రతి ప్లాటూన్‌లోనూ ఉంటారు. వాళ్ల పేరు మీద ఒకటి పంపితే ఆ తల్లి చేయలేకపోయిన పని మనం చేసినట్టు. కానీ పేరు కచ్చితంగా ఉండాలి. "ఎవరికైనా" అని రాసిన పెట్టెలను 2001 తర్వాత తీసుకోవడం లేదు.

ఇవి కూడా పంపండి: మందమైన సాక్సులు, లిప్ బామ్, తడి టిష్యూలు, చెల్లి గీసిన బొమ్మ.

మా అమ్మాయి శాకాహారి. తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ ఎంపిక తక్కువ. మెస్‌లో సర్దుకోవచ్చు. బయట కసరత్తుల్లో ఇచ్చే ఎంఆర్‌ఈ (వండి సిద్ధంగా ఉంచిన తిండి) పొట్లాల్లో శాకాహారం కొన్ని రకాలే ఉంటాయి, అవి అందరికన్నా ముందు తీసుకోవాలి. పొడులు ఎందుకు పంపమన్నానో ఇప్పుడు అర్థమవుతుంది.

ఊళ్లో తాతయ్యకు సీరియస్‌గా ఉంది. వాడికి ఎలా తెలియజేయాలి?

ముందు అమెరికన్ రెడ్‌క్రాస్‌కు ఫోన్ చేయండి, 877-272-7337. రోజంతా పలుకుతారు. మీ బిడ్డ పూర్తి పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, యూనిట్ చిరునామా దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు, ఫోన్ నంబరు కూడా కావాలి, వాళ్లు విషయం నిర్ధారించుకుని గానీ కబురు పంపరు. మీరే మెసేజ్ పెట్టినా, ఓడ మీద ఉన్నవాళ్లకు అది అందకపోవచ్చు. పై అధికారి సెలవు ఇవ్వాలంటే రెడ్‌క్రాస్ కబురుకే బలం ఎక్కువ.

ఇక కష్టమైన మాట. ఇక్కడి లెక్కలో దగ్గరి కుటుంబం అంటే తల్లీతండ్రీ, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు. తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ సాధారణంగా అందులోకి రారు. మన ఇళ్లలో వాళ్లే పెంచుతారని ఆ నియమం రాసినవాళ్లకు తెలియదు. మీ బిడ్డ నిజంగా కొన్నేళ్లు వాళ్ల దగ్గర పెరిగి ఉంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి, తల్లిదండ్రుల స్థానంలో ఉన్నవాళ్లుగా పరిగణించే వీలుంది. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కమాండర్ నిర్ణయమే. మా నాన్నగారు పోయినప్పుడు మావాడు రాలేకపోయాడు. పదకొండో రోజున, ఓడ మీద వాడి ఉదయపు కాఫీ సమయానికి, డెక్కు మీద నిలబడి తాతయ్యకు దణ్ణం పెట్టుకున్నాడట. మూడు నెలల తర్వాత చెప్పాడు నాకు.

యూనిట్ సమాచారం మిగతా తల్లులకు వస్తోంది, మాకు రావడం లేదు. ఎందుకు?

మీ బిడ్డ మీ పేరు రాసివ్వలేదు కాబట్టి. ప్రతి యూనిట్‌లో కుటుంబాలతో మాట్లాడేందుకు ఒకరుంటారు. కానీ ఎవరికి సమాచారం వెళ్లాలో మెరైన్ స్వయంగా రాసివ్వాలి. పెళ్లికాని పిల్లలు ఈ పని వాయిదా వేస్తూ ఉంటారు. బయలుదేరే ముందే గుర్తుచేయండి. అప్పుడే కూర్చోబెట్టి జీవిత బీమా కాగితం కూడా చూడమనండి. 2023 మార్చి నుంచి గరిష్ఠ బీమా 5,00,000 డాలర్లు. నామినీ ఎవరో చూసుకోవడం అపశకునం కాదు.

కిటికీలో కనిపించే నీలి నక్షత్రం జెండా ఏమిటి? మనం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోండి. ఎర్ర అంచు, తెల్ల నేల, మధ్యలో సేవలో ఉన్న ఒక్కో బిడ్డకూ ఒక్కో నీలి నక్షత్రం. 1917లో ఒహైయోకు చెందిన రాబర్ట్ క్వైసర్ అనే కెప్టెన్ తన ఇద్దరు కొడుకుల కోసం రూపొందించాడు. బిడ్డను కోల్పోయిన ఇంట్లో ఆ నక్షత్రం బంగారు రంగుది. సెప్టెంబర్ చివరి ఆదివారం ఆ తల్లుల రోజు. మీ ఊళ్లో అలాంటి ఇల్లుంటే ఆ రోజు వెళ్లండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే బిడ్డ పేరు పెట్టి అడగండి. మరచిపోతారేమో అన్నదే ఆ తల్లుల భయం.

మా కిటికీలో జెండా కింద గుమ్మానికి మామిడాకుల తోరణం ఉంటుంది. ప్లాస్టిక్‌దే, అయినా ఉంటుంది.

"ఇంజనీరింగ్ చదివించక ఇదేం పని" అంటున్న బంధువులకు ఏం చెప్పాలి?

నేనైతే మొదట్లో ఏమీ చెప్పలేకపోయాను. ఒక పెళ్లిలో ఒకావిడ, "మార్కులు రాలేదా వదినా?" అని జాలిగా అడిగింది. మావాడికి మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఆ జవాబు చెబితే, మార్కులు రానివాళ్లే సైన్యంలోకి వెళ్తారని నేనూ ఒప్పుకున్నట్టే. అందుకని మౌనంగా ఊరుకున్నాను, తర్వాత చాలా రోజులు బాధపడ్డాను.

ఇప్పుడు చెబుతాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అని అందరూ అంటారు. తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపుతున్న ఊరు. అక్కడి తల్లిని "మార్కులు రాలేదా" అని ఎవరూ అడగరు. మన తెలుగు నేలకు ఇది కొత్త కాదు, మన సాఫ్ట్‌వేర్ వీధులకు కొత్త, అంతే.

"మనది కాని దేశం కోసం ఎందుకు?" అన్నవాళ్లూ ఉన్నారు. వాడు పుట్టింది డాలస్‌లో. బేస్‌బాల్ ఆడింది, కిందపడి చెయ్యి విరగ్గొట్టుకున్నది, స్నేహితుణ్ణి పోగొట్టుకుని ఏడ్చింది ఇక్కడే. మనం వలస వచ్చాం, వాడు రాలేదు. వాడిది తన సొంత ఊరికి చేసే సేవ.

నాకు యుద్ధమంటే ఇష్టం లేదు. అయినా బిడ్డను చూసి గర్వపడొచ్చా?

నాకూ ఇష్టం లేదు. ఏ యుద్ధం ఎందుకు జరగాలో నిర్ణయించేది వేరేవాళ్లు, ఓటు వేసేటప్పుడు నా మాట నేను చెబుతాను. బిడ్డ తెల్లవారుజామున లేచి, పక్కవాడి బ్యాగు కూడా మోసి, చెప్పిన మాట నిలబెట్టుకుంటున్నాడు. నా గర్వం దాని గురించి. ఈ రెండూ నాలో ఒకేసారి ఉన్నాయి. ఏదో ఒకటి తీసేయమని ఎవరూ నన్ను అడగలేదు, మీరూ తీసేయనక్కర్లేదు.

సెలవు మీద పంపడానికి డబ్బు కట్టమని ఫోన్ వచ్చింది.

మోసం. సైన్యం ఎప్పుడూ కుటుంబాన్ని డబ్బు అడగదు. ఫోన్ పెట్టేయండి.

నిద్ర పట్టడం లేదు. మీరెలా ఉన్నారు?

ఒకినావాలో ఉన్నప్పుడు మాకూ వాడికీ 14 గంటల తేడా. మా అమ్మకు తెనాలిలో మూడున్నర గంటలే తేడా. అందుకని వాడు నాకన్నా అమ్మమ్మతోనే ఎక్కువ మాట్లాడేవాడు. ఆమె నాకు ఫోన్ చేసి, "బంగారం లాగా ఉన్నాడే, పడుకో" అనేది. మీ ఇంట్లో కూడా బిడ్డ ఉన్నచోటి టైముకు దగ్గరగా ఉన్నవాళ్లెవరో చూసి ఆ పని అప్పగించండి. మిగతా మెరైన్ల తల్లిదండ్రులతో మాట్లాడండి, తండ్రులు మరీ ముఖ్యంగా. మా ఆయన ఆరు నెలలు గరాజ్‌లో ఏదో ఒకటి బాగుచేస్తూనే గడిపారు.

తిరిగొచ్చే రోజు ఏం తీసుకెళ్లాలి?

నీళ్లు, ఫోన్ బ్యాటరీ, కుర్చీ, ఓపిక. చెప్పిన సమయానికి రారు. బస్సులు వచ్చాక కూడా ముందు ఆయుధాలు అప్పగించాలి, ఆ తర్వాతే మన దగ్గరికి వదులుతారు. అందరూ ఒకే రకం బట్టల్లో, ఒకే రకం జుట్టుతో వస్తారు. గుర్తుపట్టలేనేమో అని భయపడ్డాను. నడకను బట్టి పట్టుకున్నాను, వాళ్ల తాతయ్య నడకే.

ఆ రాత్రి పార్టీ పెట్టకండి. బంధువులను రెండు వారాల తర్వాత పిలవండి. "అక్కడ ఏం చూశావు?" అని అడగకండి, చెప్పాలనిపించినప్పుడు చెబుతారు, ఎక్కువసార్లు కారులో, రోడ్డు వైపు చూస్తూ. నెలలు గడిచినా నిద్రలేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే 988 నంబరుకు, అంటే మనసు కష్టంలో ఉన్నప్పుడు సాయం చేసే లైనుకు, ఫోన్ చేసి 1 నొక్కమనండి, లేదా మీరే చేయండి.

మావాడు ఇంటికి వచ్చిన రోజు గుమ్మంలో నిలబెట్టి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశాను. ఆరడుగుల మనిషి, చేతులు కట్టుకుని, తలవంచి నిలబడ్డాడు. అన్నం ముద్దపప్పుతో కలిపి పెట్టాను. మూడోసారి వడ్డించేలోపు కంచం ముందే నిద్రపోయాడు. వాడి బూట్లు నేనే విప్పాను.